విశాఖ ఫైళ్ళను తుక్కు కొట్టుకు పోనివ్వకండి: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ రికార్డు కీపర్ నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, మా ఊళ్ళో కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల పాత ఫైళ్ళు చదవకుండానే, జాబితా లేకుండానే తుక్కుకు పోతున్నాయి. ఇదే విషయం మీద పై అధికారులకు అర్జీలు పెట్టుకున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపినవి అందినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి. జవాబులు మాత్రం లేవు. ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీకి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత పరిష్కారమైపోయినట్టు చూపించింది. ఏం పరిష్కారమైందో నాకు తెలియలేదు. అందుకే నలుగురూ చదివేలా మీకు నేరుగా రాస్తున్నాను.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆఫీసుకో రికార్డ్స్ ఆఫీసర్ ఉండాలి. 25 ఏళ్ళు దాటిన ఫైలును నేషనల్ ఆర్కైవ్స్ (కేంద్ర ప్రభుత్వ పాత రికార్డులను భద్రపరిచే సంస్థ) వాళ్ళతో కలిసి చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి. అడ్డగోలుగా రికార్డులు నాశనం చేస్తే ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉంది. రికార్డు రూములో ఏం జరుగుతుందో నేను చూసినది చెబుతాను. ఆఫీసు పేరు రాయను, ఇది ఒక్క ఆఫీసు గొడవ కాదు కాబట్టి.

2014 అక్టోబర్ 12 ఆదివారం. హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడిన రోజు. రోడ్డు మీద పడిన చెట్లు దాటుకుంటూ మేం ఆఫీసుకు చేరేసరికి రికార్డు రూము మీద రేకులు లేవు. కింది అరల్లో కట్టలు నీళ్ళలో ఉన్నాయి. పై అరల్లోవి వాన నీళ్ళకు ఉబ్బిపోయి ర్యాకుల్లో బిగుసుకున్నాయి. లాగితే అట్ట చేతికొచ్చేది, కాగితాలు లోపలే ఉండిపోయేవి. తడిసిన కాగితానికి రెండు రోజులే గడువు, ఆ తర్వాత బూజు పట్టేస్తుంది. ఊళ్ళో కరెంటు లేదు, ఫ్యాను తిరగదు. వరండాలో తాళ్ళు కట్టి ఆరేశాం. టైపు కొట్టిన ఉత్తరాలు చాలావరకు నిలబడ్డాయి. పెన్నుతో రాసిన నోట్‌షీట్లు నీలం మరకలయ్యాయి. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నదంతా ఉండేది ఆ నోట్‌షీట్లలోనే కదండీ. కార్బన్ కాపీల పల్చటి కాగితాలైతే ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. వాటిని విడదీయడం మాలో ఎవరికీ చేతకాదు. ఆ పని తెలిసిన మనిషి ఒక్కరు ఆ వారం మా పక్కన ఉంటే సగం కట్టలైనా బతికేవి. అలాంటి మనుషులు ఉండే నేషనల్ ఆర్కైవ్స్ కేంద్రం మాకు దగ్గరలో భువనేశ్వర్‌లో ఉంది, లేదంటే పుదుచ్చేరిలో ఉంది.

నెల తిరక్కుండా నోటిమాటగా ఆర్డరు వచ్చింది, తడిసినవన్నీ తీసేయమని. జాబితా రాద్దాం, కనీసం ఫైలు నంబరూ సబ్జెక్టూ రాసుకుందాం అని బతిమాలాం. టైము లేదన్నారు. ఆరినవి కూడా తడిసిన వాటితో కలిసి ఆటో ఎక్కాయి.

తుపాను ఎప్పుడో వస్తుంది. ఉప్పుగాలి రోజూ ఉంటుంది. రికార్డు రూములో వేడి 25 డిగ్రీలు దాటకూడదని, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని మాకు ట్రైనింగులో చెప్పారు. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం పైనే. ఇనుప ర్యాకు తుప్పు పడుతుంది, గుండుసూది తుప్పు పడుతుంది, ఆ సూది చుట్టూ కాగితం గోధుమ రంగు తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఒకసారి ఏసీ అడిగితే "ఫైళ్ళకి ఏసీ ఏంటయ్యా" అన్నారు. 1990ల నాటి ఫ్యాక్సులు తీసి చూడండి, తెల్ల కాగితాలు కనిపిస్తాయి. ఆ కాగితం మీద అక్షరం కొన్నేళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది, జిరాక్స్ తీసి పెట్టండని ఎంత మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు.

2021 నుంచి ప్రతి అక్టోబర్‌లో కేంద్రం ఆఫీసుల్లో శుభ్రత కోసం, పాత ఫైళ్ళు తీసేయడం కోసం ప్రత్యేక ప్రచారం నడుస్తోంది. ఆఫీసు శుభ్రంగా ఉండటం ఎవరికి చేదు? కానీ అక్టోబర్ వస్తే చాలు, ఎన్ని ఫైళ్ళు తీశారు, ఎన్ని అడుగుల జాగా ఖాళీ చేశారు, తుక్కు అమ్మితే ఎంత వచ్చింది అని టెన్షన్ మొదలవుతుంది. నెలాఖరుకు అంకె చూపించాలి. అప్పుడు కూర్చుని ఫైలు చదివే ఓపిక ఎవరికుంటుంది? శాశ్వతంగా ఉంచాల్సిన దాని మీద ‘ఎ’ అనో ‘బి’ అనో రాయాలి, పదేళ్ళలో పోయేదాని మీద ‘సి’ అని రాయాలి. హడావుడిలో అన్నిటి మీదా ‘సి’ పడుతుంది. ఆ ఒక్క అక్షరంతో ఒక ఊరి భూముల ఫైలు తుక్కు కొట్టుకు పోతుంది.

నేను రిటైరయ్యే ముందు గాజువాక అవతలి నుంచి ఒకాయన వచ్చేవారు. 1970లలో వాళ్ళ నాన్నగారి భూమి ప్రాజెక్టుకు పోయింది. కాగితాల్లో తాతగారి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడింది. దాన్ని సరిచేస్తే తప్ప ఈయన కొడుక్కి నిర్వాసితుల కోటా అందదు. సరిచేయాలంటే అసలు అవార్డు ఫైలు, అంటే భూమి తీసుకుని పరిహారం తేల్చిన ఆర్డరు ఉన్న ఫైలు కావాలి. ప్లాస్టిక్ కవర్లో చిరిగిన జిరాక్సులు పట్టుకుని, నా టేబులు దగ్గర నిలబడి, "బాబూ, ఇంకొక్కసారి వెతకండి" అనేవారు. సమాచార హక్కు కింద అడిగితే వచ్చిన జవాబు ఒక్క లైను: ఫైలు దొరకలేదు. పోయిందని కూడా రాయరు, ఎప్పుడు ఎవరు తీసేశారో రాయరు. తీసేసిన వాటికి జాబితా ఉంటే కదా రాయడానికి! భూమి ఇచ్చిన మనిషి రుజువు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి మంత్రిగారూ?

ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖ గురించి రాసిన రికార్డులు కావాలంటే చెన్నై ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళి చూసుకోవచ్చు. మన ప్రభుత్వం మన కళ్ళ ముందు రాసిన 1970ల ఫైలుకు మాత్రం దిక్కు లేదు.

ఈ ఊరి చరిత్రలో ఎక్కువ భాగం కేంద్రం ఆఫీసుల్లోనే ఉంది. 1933లో పోర్టు తెరిచారు. 1948లో నెహ్రూగారు ఇక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నీళ్ళలోకి దింపారు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం జనం ప్రాణాలిచ్చారు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా సముద్రంలోనే. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ విజయానికి స్తూపం ఉంది, అదే రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. 2022 డిసెంబర్‌లో నేషనల్ ఆర్కైవ్స్ అప్పటి డైరెక్టర్ జనరల్‌గారే బహిరంగంగా చెప్పారు, 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని. 151 మంత్రిత్వ శాఖలు, విభాగాల్లో 36 మాత్రమే రికార్డులు ఇచ్చాయని కూడా అప్పుడే బయటికొచ్చింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఢిల్లీలో శాఖలే ఇవ్వకపోతే ఇక్కడి డివిజన్ ఆఫీసు, ప్రాజెక్టు ఆఫీసు ఏం ఇస్తాయి?

ఇప్పుడు రైల్వేల సంగతి. వాల్తేరు డివిజనులో కొంత విశాఖపట్నం డివిజను పేరుతో దక్షిణ కోస్తా జోన్‌లోకి, మిగతాది రాయగడ డివిజనుకు పోవాలని నిర్ణయమైంది. 1960లలో జపాన్ సాయంతో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను కాగితాలు ఏ లారీ ఎక్కుతాయి, ఎవరు లెక్క చూసి దించుకుంటారు? ఆఫీసులు మారినప్పుడే ఫైళ్ళు ఎక్కువగా మాయమవుతాయి. నా సర్వీసంతా చూసిన సంగతి ఇది.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ వెబ్‌సైటు ‘అభిలేఖ్ పటల్’లో పాత కాగితాలు ఇంట్లో కూర్చుని చూసుకుంటున్నాం, సంతోషం. కానీ ఢిల్లీకి చేరిన కాగితానికే ఆ భాగ్యం. మా కాగితాలు ఢిల్లీ దాకా ఎప్పుడు చేరాయని!

భోపాల్, జైపూర్, భువనేశ్వర్, పుదుచ్చేరిలో ఉన్నట్టే విశాఖలోనూ నేషనల్ ఆర్కైవ్స్ కేంద్రం ఒకటి పెట్టండి. దానికి ఏళ్ళు పడుతుందని తెలుసు. అందాకా ఈ ఊళ్ళో 25 ఏళ్ళు దాటిన ఏ ఫైలూ అమ్మకుండా ఆపించండి. తీసేసిన ప్రతి ఫైలుకూ జాబితా రాయించండి. వచ్చే అక్టోబర్ ప్రచారం మొదలు కాకముందే, చదివి తేల్చగలిగిన వాళ్ళను ఒక నలుగురిని పంపండి. ఏ గదిలో ఏముందో వాళ్ళకు చూపించడానికి నేను వస్తాను. నాతో పనిచేసి రిటైరైన వాళ్ళూ వస్తామంటున్నారు. మాకు జీతం అక్కర్లేదు, లోపలికి పోనిచ్చే ఒక ఉత్తరం చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రికార్డు కీపర్,
విశాఖపట్నం