మతిమరుపంటే వయసేనా?

సంపాదకులకు,

తెనాలిలో ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఒకప్పుడు పది మంది కొలతలు నాకు నోటికి ఉండేవి. అలాంటిది నాలుగేళ్ల క్రితం ఓ పెళ్లికొడుకు షర్టు 40కి బదులు 38కి కత్తిరించేశాను. కత్తెర చేతిలో పెట్టుకుని బల్లంతా వెతికేవాణ్ణి. ఇంట్లో వాళ్లు టెన్షన్ అన్నారు, వయసన్నారు. ఒక ప్రైవేటు డాక్టరు బలం మాత్రలు రాసి పంపేశాడు. ఏడాది తర్వాత గానీ రక్తపరీక్షలో హెచ్‌ఐవీ అని తేలలేదు.

జబ్బు బాగా ముదిరాకే మెదడు దాకా వస్తుందనుకునేవాణ్ణి. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో మేడమ్ చెప్పారు, వైరస్ ఒంట్లో చేరిన కొద్ది వారాల్లోనే తెల్లరక్తకణాలతో పాటు మెదడులోకి పోతుందట. నాడీకణాల్లోకి నేరుగా దూరదు, వాటిని కనిపెట్టుకుని ఉండే మైక్రోగ్లియా కణాల్లో తిష్ట వేస్తుంది. దాంతో లోపల వాపు పుట్టి ఆలోచన మందగిస్తుంది, జ్ఞాపకం తప్పుతుంది.

2017 నుంచి మన దేశంలో సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలగానే ఉచితంగా మందులు మొదలుపెడుతున్నారు. మరి మతిమరుపుతో వచ్చినవాణ్ణి అనుమతి అడిగి, షుగరు, థైరాయిడ్‌తో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాయడానికి డాక్టర్లకు మొహమాటమెందుకు?

మందులు వాడుతున్నాక కొలతలు మళ్లీ గుర్తుంటున్నాయి. అయినా పుస్తకంలో రాసుకుంటున్నాను.

పేరు వేయకండి, కొట్టుకి గిరాకీ పోతుంది.

– ఒక టైలర్, తెనాలి