హారన్ కొడితే సరుకు బయటికి రాదు

మా కిరాణా కొట్టు ముందు బండి దిగకుండా హారన్ కొడితే ఇకమీదట మా కుర్రాడు సరుకు పట్టుకుని బయటికి రాడు. దీని మీద కొందరు పాత ఖాతాదారులు గుర్రుగా ఉన్నారని తెలుసు. వాళ్ల నోటా వీళ్ల నోటా వినే బదులు నా నోటే వినండి.

విజయనగరం గంటస్తంభం పక్కన మన సందు సంగతి మీకు తెలియంది కాదు. సాయంత్రమైతే ఇంజను ఆపకుండా వరసగా బళ్లు, ఆ పొగంతా చోడి (రాగి) పిండి డబ్బాల మీదికి. వచ్చేవాళ్లలో సగంమంది పక్క వీధివాళ్లే. జీలకర్ర పొట్లానికీ బండే. తొమ్మిదో తరగతి పిల్లాడు చెల్లెల్ని వెనకాల ఎక్కించుకుని పెరుగు పేకెట్‌కి వస్తాడు. మైనరు చేతికి బండిస్తే 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఇంకొకాయన డాక్టరు నడవమన్నారని అయోధ్యా మైదానానికి బండి మీద వెళ్లి, నడిచి, మళ్లీ బండి మీదే వచ్చి మా ముందు హారన్ కొడతారు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజూ మా కొట్టుకి రానూపోనూ ఇరవై నిమిషాలు నడిస్తే 140 అయిపోతుంది. మిగతా పదీ పైడితల్లమ్మ గుడికి!

ఇదేమీ తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. బేరం గుమ్మం దాకా వస్తే ఎదురెళ్లడం మా నాన్నగారు నేర్పిన పద్ధతి. "ఎదురు కొట్టువాడికి పండగే" అని మా ఆవిడ మొత్తుకుంది. అన్నట్టే నెలసరుకుల చీటీలు పెద్దవే కొన్ని అటు పోయాయి. ఒకాయన పాత బాకీ అణా పైసలతో తీర్చి మరీ వెళ్లారు, అదొక్కటే లాభం. ఆయన బండి అక్కడ కనపడితే నేను తల తిప్పుకుంటాను. కడుపు మండదా అంటే మండుతుంది. అయినా మాట మార్చను.

ఇక సంచుల గొడవ. నడిచొచ్చేవాళ్లకి గట్టి గుడ్డ సంచి ఇస్తామన్నాం కదా. కుట్టించి తెస్తానన్నాయన చూపించిన నమూనా బ్రహ్మాండం: మందం గుడ్డ, పట్టీలు సంచి అడుగుదాకా వచ్చి, అక్కడ అడ్డంగా కుట్టు. తీరా వచ్చిన సరుకులో పట్టీ మూతి అంచుకే అతికింది, అదీ ఒంటి కుట్టు. ఐదు కిలోల బియ్యం పోసి నేనే ఎత్తి చూశాను. పట్టీ చేతిలో, బియ్యం గచ్చు మీద. నిలదీస్తే "ఇది కూరగాయల సంచండీ" అన్నాడు. కిరాణా కొట్టుకి కూరగాయల సంచి ఏటయ్యా! సరుకు తిప్పి పంపాను. అడ్వాన్సు ఇంకా రాలేదు, వదిలేదీ లేదు. ఇప్పుడు మన వీధి టైలరు చేతే నా కళ్లముందు కుట్టిస్తున్నాను. ముందే ఆ ఒంటి కుట్టు సంచి తీసుకెళ్లినవాళ్లు తెచ్చి మార్చుకోండి. దారిలో తెగి ఒలికిన సరుకుంటే అదీ ఇస్తాను, బిల్లు అడగను.

పెద్దవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, గర్భిణులకి ఫోన్ చేస్తే చాలు, సరుకు ఇంటికే. కుర్రాడు నడిచే తెస్తాడు. బియ్యం బస్తాలు తోపుడుబండి మీద వస్తాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు ఇంజను కట్టేసి, బండి దారికి అడ్డం లేకుండా పెట్టి లోపలికి రండి, కాదనను.

"ఈ ఎండల్లో నడకేటి బాబూ" అంటున్నారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు, పూజారి కూర్చున్న పొడుగాటి సిరిమాను అమ్మవారి గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరిగేదాకా జనంలో నిలబడేది మనమే కదా, ఆ రోజు ఎవరికీ కాళ్లు నొప్పులుండవు. సరే, ఎండ మాట నిజమే. అందుకే వేసవి వెళ్లేదాకా పొద్దున్న ఆరింటికే తెరుస్తాం, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటాం. అరుగు మీద బెంచీ, కుండలో చల్లటి నీళ్లు పెట్టించాను. హారన్ మాత్రం ఎంత కొట్టినా నాకు వినపడదు. చెవుడనుకున్నా సరే.