గుండుగుత్తగా వేసిన ఇన్సూరెన్సు లెక్క విప్పించుకో

ఒరేయ్ శీనూ,

కొత్త కారుకి షోరూమ్ వాడిచ్చిన కొటేషన్‌లో ఇన్సూరెన్సు కింద గుండుగుత్తగా ఒక్క అంకె వేసి ఊరుకున్నాడు చూశావా? దేనికెంతో విడివిడిగా రాసిమ్మను. తగ్గించుకునేదంతా ఆ విడి లెక్కలోనే ఉంటుంది.

నువ్వడిగినట్టు ఇన్సూరెన్సుకి ముందు కాస్త కట్టి, మిగతాది నెలనెలా ఇచ్చే పద్ధతి మన దగ్గర లేదురా. ప్రీమియం ముందే చేతిలో పడందే కంపెనీ రిస్కు నెత్తిన వేసుకోకూడదని 1938 ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ అంటే కంపెనీకి బ్యాంకు మొత్తం కట్టేస్తుంది, నువ్వు బ్యాంకుకి వడ్డీతో కట్టుకుంటావు. అదైనా నయం. కారు లోన్లో కలిపేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. 30 వేలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లు కడితే 41 వేలు దాటుతుంది. ఓన్ డ్యామేజీ (నీ బండికి జరిగే నష్టానికిచ్చే కవర్) చూస్తే ఏడాదికే అయిపోయె!

థర్డ్ పార్టీలో, అంటే నీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికిచ్చే కవర్లో, బేరం లేదు. 2018లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక కొత్త కారుకి మూడేళ్లదీ ఒకేసారి కట్టాల్సిందే. నీది 1197 సీసీ కాబట్టి 2022 జూన్ రేటు ప్రకారం 10,640, జీఎస్టీతో 12,555. ఎక్కడ కొన్నా అంతే.

అసలు కోత ఓన్ డ్యామేజీలో పెట్టాలి. పాత బండి మీద ఐదేళ్లు క్లెయిమ్ లేదు కదా, ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంటుంది, దాన్నే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) అంటారు. అది బండితో పోదు, నీతోనే వస్తుంది. పాత బండి అమ్మకం పత్రాలైన ఫారం 29, 30 కాపీలు, కొన్నవాడి పేరు మీదికి మారిన ఆర్‌సీ, పాత పాలసీ పట్టుకెళ్లి పాత కంపెనీని ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ అడుగు. మూడేళ్లు చెల్లుతుంది. ఓన్ డ్యామేజీ 14 వేలనుకో, 7 వేలు పోయి, దాని మీద జీఎస్టీ కూడా పోయి, 8,260 మిగులుతుంది. కొన్నవాడు నీ పాత పాలసీనే తన పేరుకు మార్పించుకుంటే, ఆ బోనస్ తేడా వాడు కట్టాలి. అది తేలకపోతే నీ లెటర్ ఆగుతుంది. షోరూమ్ వాడు "లెటర్ తర్వాత ఇద్దురుగాని సార్, బోనస్ వేసేస్తా" అంటే వద్దను. క్లెయిమ్ రోజున కంపెనీ పాత పాలసీ తవ్వితే ఇరుక్కునేది నువ్వే.

ఇక యాడ్ఆన్లు, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్లు. టైర్లు, తాళంచెవి, సామాన్లు... కొట్టేయించు. జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చేది) మాత్రం ఉంచు. బంపర్ పగిలి 12 వేల బిల్లయితే, అది ప్లాస్టిక్ కాబట్టి మామూలు పాలసీలో సగం తరుగు తీసేస్తారు. తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. నీ జేబులోంచి 7 వేలు. జీరో డెప్ ఉంటే వెయ్యితో బయటపడతావు. మీది విజయవాడ సింగ్‌నగర్ కాబట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా ఉండాలి, 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద చేసింది చూశాంగా. నీళ్లలో ఆగిన బండిని సెల్ఫ్ కొడితే సిలిండర్లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీ దాన్ని ప్రమాదంగా లెక్కెయ్యదు.

ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మూడేళ్లది అంటగడతారు, ఏడాదిది చాలు. 15 లక్షల ప్రమాద పాలసీ నీకు ఇదివరకే ఉంటే డిక్లరేషన్ ఇచ్చి ఇది పూర్తిగా మానేయొచ్చు. టర్మ్ పాలసీ మాత్రం దానికి పనికిరాదు.

ప్రీమియం తక్కువ కనబడాలని ఐడీవీ (బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ సొమ్ము) కోస్తారు, కాస్త కనిపెట్టుకుని ఉండు. కొత్త బండికి ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. "పాలసీ బయట తీసుకుంటే క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) రాదు" అని షోరూమ్ వాడనేది ఉత్త బెదిరింపు. ఆ సర్వీస్ సెంటర్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంటే చాలు.

బండి అలాట్ కాగానే ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఫొటో తీసి పంపమను. పాలసీలో ఒక్కో అక్షరం సరిచూడు. ఛాసిస్ నంబర్లో ఇంగ్లీషు ఓ ఉండదు, గుండ్రంగా ఉన్నదల్లా సున్నానే. హైపోథెకేషన్ (బండి మీద లోన్ ఇచ్చినవాళ్ల హక్కు) దగ్గర బ్యాంకు పేరు పడిందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టు.

విడి లెక్క రాగానే ఫొటో పెట్టు. అమ్మని అడిగానని చెప్పు.

నీ,
రాజా