జోజప్ప గారి సిస్టర్ల సభకు 375 ఏళ్లు: పండుగ జమా ఖర్చుల వివరణ

విచారణ (పారిష్) పెద్దలకు, చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ నమస్కారం. జోజప్ప గారి (సెయింట్ జోసఫ్) పేరున నడిచే కన్యస్త్రీల సభ పుట్టినరోజని అక్టోబరు 15న గుడి దగ్గర జరిపిన పండుగకు, ఆ తర్వాతి ఆదివారం వేసిన యానాం ప్రయాణానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు కింద రాస్తున్నాం.

ముందు జమ. ఇంటింటి చందాలు రూ. 68,450. బస్సెక్కిన 96 మంది తలా 250 చొప్పున 24,000. కువైట్, మస్కట్‌లలో పనిచేస్తున్న మన ఆడపిల్లలు పంపింది 30,000. లేసు అమ్మగా వచ్చింది 17,300. మొత్తం 1,39,750.

లేసు సంగతి విడిగా చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల మన ఆడవాళ్లు పగలంతా అల్లేది కూలికి. ఈ పండుగ కోసం మాత్రం సొంత దారం కొనుక్కుని, వంటలయ్యాక కూర్చుని అల్లి ఇచ్చారు. ఒక పెద్దావిడ ద్రాక్షగుత్తుల అంచు అల్లి తెచ్చారు. తిరగేసి చూసినా ఎక్కడా ముడి కనబడదు. దాన్ని అమ్మడానికి మాకు మనసొప్పలేదు, పూజపీఠానికి పరిచాం. అందుకే దాని విలువ జమలో లేదు.

ఖర్చులోకి వస్తే, రెండు బస్సులకు 36,000, భోజనాలకు 38,200, షామియానా, మైకుకు 9,000, పువ్వులు, కొవ్వొత్తులకు 3,150, చిన్న పుస్తకం 500 ప్రతులకు 14,000. గుడి వసారాలో పెట్టిన ఎనిమిది చరిత్ర పటాలకు 22,400. మొత్తం 1,22,750.

పటాలకు అంత ఎందుకు, ఆ డబ్బుతో ఇంకో కూర వండించొచ్చు కదా అని కొందరు అడిగారు. అడగడం న్యాయమే. మన పిల్లలకు పీఠాధిపతుల పేర్లు వచ్చు, గురువుల పేర్లు వచ్చు. ఈ సభను మొదలుపెట్టిన ఆరుగురు ఆడవాళ్ల పేర్లు ఒక్కరికీ తెలియవు. ఫ్రాన్స్‌లోని లె పుయ్ పట్టణంలో 1650 అక్టోబరు 15న ఫ్రాన్స్వాజ్ ఎరో, ఆమెతోపాటు ఇంకో ఐదుగురు ఒక్కటయ్యారు. జెస్విట్ గురువు జాన్ పియర్ మెదాయ్ దారి చూపారు, బిషప్ ఆమోదించారు. కన్యస్త్రీలంటే మఠం గోడలు దాటకూడదనే రోజులవి. వీళ్లు వీధుల్లోకి వెళ్లి రోగులను చూశారు, అనాథ ఆడపిల్లలను పెంచారు. పొట్టపోసుకోవడానికి రిబ్బన్లు, లేసు అల్లారు. మన అరుగుల మీద అల్లే చేతులకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? ఈ లేసు కథ చెప్పే మూడో పటం ముందు మన లేసు అక్కలు ఎంతసేపు నిలబడ్డారో చూసినవాళ్లకు ఆ 22,400 ఎక్కువనిపించదు.

ఫ్రెంచి విప్లవంలో సభ చెదిరిపోయింది, కొందరు సిస్టర్ల తలలు తీశారు. మదర్ సెయింట్ జాన్ ఫాంట్‌బోన్‌ను జైల్లో పెట్టారు. 1794లో రోబ్స్‌పియర్ పడిపోవడంతో ఆమె బతికి బయటపడ్డారు. 1807లో సెయింట్ ఎటియెన్‌లో మళ్లీ కొద్దిమందితో మొదలుపెట్టారు. ఆ వేరు నుంచే 1833లో సవాయ్ ప్రాంతపు అన్సీ శాఖ విడిగా నిలబడింది. 1836లో లియోన్ నుంచి ఆరుగురు అమెరికా వెళ్లారు. 1849లో అన్సీ సిస్టర్లు మన యానాంలో దిగారు. అప్పటికి యానాం ఫ్రెంచివాళ్లది, సూయజ్ కాలువ ఇంకా తవ్వలేదు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజులు. అక్కడి నుంచి వాళ్లు విశాఖపట్నం వెళ్లారు.

అందుకే యానాం ప్రయాణం పెట్టాం. చించినాడ వంతెన దాటి, రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి బస్సులో జపమాల పూర్తయింది. భోజనం ఖర్చులో ఆ రోజు పులిహోర, గుడ్లు, పెరుగన్నం కూడా కలిసే ఉన్నాయి.

మిగిలింది రూ. 17,000. కమిటీ పేరున బ్యాంకులో ఉంది. ఇద్దరి సంతకాలు లేనిదే తీయడానికి వీల్లేదు. హాస్టల్లో పదో తరగతి చదివే ఆడపిల్లల పరీక్ష ఫీజులకు, పుస్తకాలకు ఇవ్వాలని లేసు అక్కలు కోరారు. మా అభిప్రాయమూ అదే. వచ్చే విచారణ సమావేశంలో అందరినీ అడిగి ఖాయం చేస్తాం.

బిల్లులు, రసీదు పుస్తకాల నకళ్లు ఉపదేశి గారి దగ్గర ఉన్నాయి. ఈ నెలలో ఏ ఆదివారమైనా పూజ తర్వాత వచ్చి చూసుకోవచ్చు. చందా ఇచ్చి రసీదు అందనివాళ్లు అప్పుడే తీసుకెళ్లగలరు.

ఇట్లు
పండుగ కమిటీ