ఓడ రాని రోజులకు మేమెందుకు అద్దె కట్టాలి? – మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నౌకాయాన శాఖ మంత్రివర్యులకు,

హైదరాబాద్ నుంచి పసుపు, కారం ఎగుమతి చేసే ఒక చిన్న వ్యాపారి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇదే విషయమై ఏడాదిగా సంబంధిత అధికారులకు నాలుగు అర్జీలు పంపాను. ఒక్కదానికీ జవాబు రాకపోవడం వల్లనే ఈ లేఖను అందరి ముందూ ఉంచుతున్నాను.

గత వేసవిలో మేడ్చల్ గోదాములో 20 అడుగుల కంటైనర్‌లో నిజామాబాద్ పసుపు నింపి, సీలు వేయించి, రైలులో ముంబై దగ్గరి నవాషేవా రేవుకు పంపేందుకు గడువుకు రెండు రోజుల ముందే నగరంలోని డిపోకు చేర్చాను. ఆ సాయంత్రమే షిప్పింగ్ లైన్ (ఓడల కంపెనీ) వారు, ఓడ ఈసారి నవాషేవాకు రావడం లేదని, సరుకును తర్వాతి ఓడకు మార్చామని కబురు పంపారు. ఆ ఓడలోనూ చోటు లేదని మళ్లీ మార్చారు. అలా 22 రోజులు కంటైనర్ డిపోలోనే నిలిచిపోగా, ఉచిత రోజులు దాటాయంటూ, లైన్ కంటైనర్‌ను ఎక్కువ రోజులు ఉంచుకున్నందుకు వేసే డిటెన్షన్ బిల్లు డాలర్లలోనూ, డిపోలో స్థలానికి వేసే గ్రౌండ్ రెంట్ రూపాయల్లోనూ నా పేరు మీదే వచ్చాయి. ఓడను తప్పించింది నేను కాదు కదా అని అడిగితే, బుకింగ్ షరతుల్లో ఉందన్నారు. చివరికి సరుకు ఓడ ఎక్కాక కూడా, బకాయి కట్టేదాకా బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని లైన్ ఇచ్చే పత్రం) ఇవ్వబోమన్నారు. ఆ కాగితం లేనిదే బ్యాంకు నుంచి నాకు సొమ్ము రాదు కనుక అప్పు తెచ్చి కట్టాను. అప్పటికే ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) గడువు ముగియడంతో, న్యూజెర్సీ కొనుగోలుదారు ధర తగ్గించిన తర్వాతే సరుకు తీసుకున్నారు.

రేవు పక్కనున్న వ్యాపారి ఓడ ఖాయమయ్యాక లారీని కదిలించగలడు. సుమారు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్న మేము రైలు వేళను, కటాఫ్‌ను (సరుకు అప్పగించే ఆఖరి గడువును) చూసుకుని చాలా ముందే నింపక తప్పదు. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లినప్పుడు పెరిగిన ఫ్రైట్‌ను (ఓడ రవాణా ఛార్జీని) మేము మారుమాట లేకుండా భరించాము. ఇది అలాంటిది కాదు, ఎదుటివారి జాప్యానికి మా చేత కట్టించే జరిమానా.

అమెరికా 2022లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి వసూలు సమంజసమని నిరూపించుకోవలసిన బాధ్యత లైన్‌దే. బిల్లులో ఉండవలసిన వివరాలు లేకపోతే కట్టనక్కరలేదు. మన దేశంలో 1856, 1925 నాటి చట్టాలను తొలగించి 2025లో బిల్స్ ఆఫ్ లేడింగ్‌కు, సముద్ర సరుకు రవాణాకు కొత్త చట్టాలు తెచ్చారు. ఎంతో ఆశతో చదివాను, కానీ డిటెన్షన్‌కు హద్దు ఎక్కడా కనిపించలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఈ రుసుము వసూలు చేయవద్దని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైన్లకు సలహా ఇచ్చిన మాట తమకు తెలియనిది కాదు. నాడు సలహాగా చెప్పినది నేడు నిబంధనగా చెప్పలేరా?

లైన్ తానే ఓడ మార్చిన రోజులను లెక్కలోంచి తీసివేయించండి. బిల్లుపై వివాదం తేలేదాకా బిల్ ఆఫ్ లేడింగ్‌ను ఆపకుండా చూడండి. మా మాట వినే అధికారి ఒకరిని హైదరాబాద్‌లోనే నియమించండి. వచ్చే నెల మరో రెండు కంటైనర్లు నింపవలసి ఉంది. దయచేసి ఆలోపే సమాధానం ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక పసుపు ఎగుమతిదారు,
హైదరాబాద్