కామిక్ కాన్ వార్తల్లో కామిక్స్ ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూలైలో అమెరికాలో శాన్ డియాగో కామిక్ కాన్ అనే పండగ జరిగే నాలుగు రోజులూ మీ సినిమా పేజీ వదలకుండా చదువుతాను. ఏ ట్రైలర్ వచ్చింది, ఏ హీరో స్టేజీ ఎక్కాడు, రిలీజ్ ఎప్పుడు, అన్నీ ఉంటాయి. పేరులోనే కామిక్స్ ఉన్న ఆ పండగలో కామిక్స్ రాసేవాళ్ల గురించి, గీసేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. చాలా బాధగా ఉండి రాస్తున్నాను.

మీ దాకా వచ్చే వార్తలన్నీ దాదాపు హాల్ హెచ్‌వే. సినిమా స్టూడియోలు తమ కొత్త సినిమాలు చూపించుకునే, సుమారు 6,500 సీట్ల హాలు అది, అందులో చోటు కోసం జనం ముందురోజు రాత్రే వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకుంటారు, ఆ సందడి వార్త కాదని నేననను. కానీ మొత్తం కన్వెన్షన్‌కి వచ్చేవాళ్లు 1,30,000 మందికి పైనే. అంటే ఒకసారికి ఆ హాల్లో పట్టేది ఇరవై మందిలో ఒక్కరు. మిగతా పంతొమ్మిది మంది ఏం చూస్తున్నారో కూడా చెప్పాలి కదండీ.

నేను మా అమ్మాయిని తీసుకుని వెళ్లింది 2023లో. హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మెలో ఉన్నారు, నటులు ప్రచారానికి రాకూడదు, పెద్ద స్టూడియోలు చాలావరకు ఆ ఏడు హాల్ హెచ్‌కి రాలేదు. స్టార్లు లేకపోతే వెలవెలబోతుందేమో, పిల్ల నిరాశపడుతుందేమో అని నాకు టెన్షన్. తీరా వెళ్తే లోపల కాలు పెట్టే సందు లేదు. ఆర్టిస్ట్స్ ఆలీ అని చిత్రకారులు వరసగా బల్లలు వేసుకుని కూర్చునే చోటు ఉంటుంది, మా అమ్మాయి ఇక అక్కణ్ణించి కదల్లేదు. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, నల్ల ఇంకు నిండా పూసిన పేజీ ముందు పెట్టుకుని, పాత టూత్‌బ్రష్‌ని తెల్ల ఇంకులో ముంచి, కుచ్చు మీద బొటనవేలితో ఒక్కసారి గీరారు. సన్నటి తుంపర పడి కాగితమంతా చుక్కల ఆకాశమైపోయింది. మధ్యలో ఉన్న రాకెట్ మీద చుక్కలు పడకుండా అదే ఆకారంలో ఒక కాగితం కత్తిరించి ముందే కప్పి ఉంచారు. దాన్ని మెల్లగా ఎత్తి చూపించి, బ్రష్ మా అమ్మాయి చేతికిచ్చి "నువ్వూ వెయ్యమ్మా" అన్నట్టు తలూపారు. వెనకాల క్యూ ఉంది, అయినా తొందరపెట్టలేదు.

అసలు ఈ పండగ మొదలైందే ఇలాంటి వాళ్ల కోసం. 1970 ఆగస్టులో యు.ఎస్. గ్రాంట్ హోటల్లో జరిగిన మూడు రోజుల కన్వెన్షన్‌కి వచ్చింది 300 మంది. వాళ్ల ముందు కూర్చున్న అతిథుల్లో జాక్ కిర్బీ ఒకరు. జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాని, స్టాన్ లీతో కలిసి ఫెంటాస్టిక్ ఫోర్‌ని పుట్టించిన చెయ్యి ఆయనది. మీ పేజీలో ఆ పాత్రల ఫొటోలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కిర్బీ పేరు ఒక్కసారి చూసిన గుర్తు లేదు.

స్టూడియోలకి ప్రచారం చేసే మనుషులు ఉంటారు, ఫొటోలతో సహా అన్నీ వాళ్లే పంపిస్తారు. బల్ల దగ్గర కూర్చున్న ఒంటరి చిత్రకారుడి తరఫున ఎవరు పంపిస్తారు? అందుకే పత్రిక పూనుకోవాలి అంటున్నాను. పేజీలు పెంచమని కాదు. కామిక్ నుంచి వచ్చిన సినిమా గురించి రాసినప్పుడు ఆ కామిక్ రాసిందెవరో, గీసిందెవరో ఒక వాక్యంలో చెప్పండి చాలు.

ఇంకొక్క మాట. అక్కడ శుక్రవారం రాత్రి ఐస్నర్ అవార్డులు ఇస్తారు, కామిక్స్ రంగంలో అంతకన్నా పెద్ద గౌరవం అమెరికాలో లేదు. ఎవరి పేరు మీద ఆ అవార్డులున్నాయో ఆ కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ 2005లో పోయేదాకా తనే స్వయంగా వచ్చి విజేతలకి అందించేవారు. అక్కడ శుక్రవారం రాత్రి అంటే మనకి శనివారం పొద్దున్న, ఆదివారం సంచికకి బోలెడు టైమ్ ఉంటుంది. ఈ జూలైలో ఆ విజేతల పేర్లు మీ పేజీలో ఒక మూల వేయండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకుడు