'మందుబాబు' అనే ముందు

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. కాలువగట్టు మీద లుంగీ జారిపోయి, ఒంటిమీద తెలివి లేకుండా పడివున్న మనిషి. కింద 'మందుబాబు రాజభోగం' అని రాశారు. మొహం తేటగా కనిపిస్తోంది. ఆయన పిల్లలు చదివే బళ్లోకి కూడా మీ పేపరు పోతుందేమో! మద్యం ధర తగ్గితే 'మందుబాబులకు శుభవార్త', పెరిగితే 'మందుబాబులకు షాక్'. ఇవి చదివి నేనూ నవ్వినదాన్నే, మా తమ్ముడి సంగతి ఇంటిమీదికి వచ్చేదాకా.

మాది కలిగిరి మండలం. 1992లో నాకు ఇరవై రెండేళ్లు. సారా వద్దని మా ఆడవాళ్లని కదిలించిన దూబగుంట రోశమ్మ గారి పేరు చెప్పుకుని, రాత్రిబడి పలకలు పక్కన పెట్టి, చీపుర్లు తీసుకుని సారా కొట్ల మీదికి పోయిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. దాన్ని ఎవరు తక్కువ చేసి మాట్లాడినా ఇప్పటికీ ఊరుకోను. అయితే ఒకటి ఒప్పుకోవాలి. వేలంపాట పాడిన కాంట్రాక్టర్ని, పాట పెట్టిన సర్కారుని ఎంత నిలదీశామో, తాగినవాణ్ణి కూడా అంతే అవమానించాం. మా ఊళ్లో ఒకాయనకు గుండు గీయించి వీధులు తిప్పాం. మర్నాటి నుంచి మానేశాడనుకుని మురిసిపోయాం. ఆయన ఊరి బయట చేలల్లో తాగి చీకటిపడ్డాక ఇంటికి చేరేవాడని ఎన్నో ఏళ్లకు ఆయన భార్య చెప్పింది.

మా తమ్ముడు బేల్దారి మేస్త్రి. మూడేళ్ల కిందట కార్తీకంలో అందరం పోరుపెడితే అయ్యప్ప మాల వేసుకున్నాడు. పదిహేనేళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్క పూటలో ఆపేశాడు. రెండోరోజు చేతులు వణికి చెంబు పట్టుకోలేకపోయాడు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడోరోజు "అక్కా, గోడమీద జెర్రులు పాకుతుండాయి చూడు" అని ఒకటే అరుపులు. నియమం తప్పాడు, స్వామికి కోపమొచ్చిందన్నారు కొందరు. గాలి సోకిందన్నారు ఇంకొందరు. మేం నిమ్మకాయలు కూడా కట్టాం. చివరికి ఆసుపత్రికి తీసుకుపోతే గుమ్మంలోనే ఒకాయన "తాగుబోతు కేసా, అట్లా పక్కన పడుకోబెట్టండి" అన్నాడు.

లోపలున్న డాక్టరమ్మ మాత్రం విడమరిచి చెప్పింది. రోజూ తాగితే మెదడు దానికి అలవాటు పడిపోతుందనీ, ఉన్నట్టుండి ఆపితే అదుపు తప్పుతుందనీ, ఆ మూడు నాలుగు రోజుల్లో ప్రాణమే పోవచ్చనీ అంది. బి1 విటమిన్ సూదులు, మత్తుమాత్రలు ఇచ్చి, ఆ మాత్రలు రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చింది. "మాల వేసేముందు ఒకసారి తీసుకొచ్చివుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా" అంది. ఎందుకు తీసుకుపోలేదు? తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి పోయారని తెలిస్తే పరువు పోతుందని. వాడు తాగి పడిపోయేది ఊరందరికీ తెలుసు. దానికి పోని పరువు డాక్టరు దగ్గరికి పోతే పోతుందనుకున్నాం!

2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడు గుర్తుందా? కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతపడితే శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు కూడా ఫోన్లలో జోకులు తిరిగాయి. జెర్రులు కనబడిన మనిషిని దగ్గరుండి చూశాను కాబట్టి, శానిటైజర్ దాకా ఎందుకు పోయారో నేను ఊహించుకోగలను.

కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. మిగతా 37 మందిలో మాలాగా దాచుకున్న ఇళ్లు ఎన్నో! 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా జబ్బుల్లోనే కలిపింది. చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు వాళ్ల ఒప్పుదల లేకుండా పత్రికలకు ఇవ్వకూడదంది. కాలువగట్టు మనిషి చికిత్సలో లేడు కదా అంటారేమో. ఆసుపత్రిలో చేరాకే మొహం దాచాలా అయ్యా?

తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాణ్ణి వెనకేసుకురమ్మని నేను అనడం లేదు. కొట్టినందుకు కేసు పెట్టాల్సిందే, ముందు నేనే సాక్ష్యం చెబుతాను. గంజాయి కుర్రాళ్ల విషయంలోనూ అంతే. అమ్మేవాడు వేరు, అలవాటు పడి బయటికి రాలేక ఏడ్చేవాడు వేరు. మీ వార్తల్లో ఇద్దరికీ ఒకటే హెడ్డింగు పెడుతున్నారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. 'మందుబాబు' మానేయండి. బదులు ఏం రాయాలంటారా? 'కాలువగట్టున స్పృహతప్పిన వ్యక్తి' అంటే హెడ్డింగులో పట్టకపోదు. ఆత్మహత్య వార్తల కింద సహాయం నంబరు వేస్తున్నట్టే, ఇలాంటి వార్తల కింద 14446 అని తాగుడు, మత్తుమందులు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు ఒక చిన్న పెట్టెలో వేయండి.

తమ్ముడు మానేసి రెండేళ్లు దాటింది. మధ్యలో ఒకసారి జారాడు, మళ్లీ డాక్టరు దగ్గరికి తానే పోయాడు. ఇప్పటికీ పనికి పిలిచేవాళ్లు సాయంత్రం కూలి వాడి చేతికివ్వరు, మా మరదలికి ఫోన్ చేసి మరీ ఇస్తారు. వాడు ఏమీ అనడు.

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. పంపమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. వాడి కూతురికి సంబంధాలు చూస్తున్నాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా